తెల్లచార

ముల్లు కిందికి దిగినప్పుడు నేను సంతోషపడ్డాను.

2019 మే 12, ఆదివారం సాయంత్రం. ఘట్‌కేసర్‌లో చుట్టాలింటి దావత్ తిని నాచారం తిరిగి వస్తున్నాం. మేడిపల్లి దగ్గర్నుంచి ఎర్రగీతను ఆనుకుని ఉన్న టెంపరేచర్ ముల్లు బోడుప్పల్ వచ్చేసరికి మెల్లగా సగానికి జారింది. ఆ తర్వాత ఇంకా కిందికి జారింది. "చూశావా, తగ్గింది" అని వెనక సీట్లో ఉన్న మా ఆవిడతో అన్నాను. ఆ మాట అన్నప్పటి నా గొంతు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది.

ఇంజన్ వేడిని కొలిచే సెన్సర్ నీళ్ళలో మునిగి ఉన్నంతసేపే నిజం చెబుతుంది. నీళ్ళు దాని మట్టం కంటే కిందికి పోతే చుట్టూ ఆవిరీ గాలీ మిగులుతాయి. వాటి నుంచి సెన్సర్‌కు అందే వేడి తక్కువ కాబట్టి ముల్లు దిగుతుంది. లోపల లోహం మాడిపోతున్నప్పుడే డ్యాష్‌బోర్డు మీద అంతా చల్లబడినట్టు కనిపిస్తుంది. దీనికి మెకానిక్ చదువేమీ అక్కర్లేదు. థర్మామీటరు బల్బు ద్రవంలో మునగకుండానే రీడింగు రాసుకున్న పిల్లలకు ల్యాబులో నేనే మార్కులు కోస్తాను. అప్పటికి పందొమ్మిదేళ్ళుగా బోడుప్పల్‌లో ఒక జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతున్నాను.

ఆ రోజు జరిగినదాన్ని ఇంట్లో ఒక రకంగా చెప్పాను. జరిగింది ఇంకో రకంగా. అది చెప్పాలంటే ఫిబ్రవరి నుంచి మొదలుపెట్టాలి.

బండి పేరు రాయను, తప్పు దానిది కాదు కాబట్టి. పదకొండేళ్ళ పాత పెట్రోలు కారు, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. మా ఇల్లు హెచ్ఎంటీ నగర్ వైపు. నాచారం నుంచి హబ్సిగూడ చౌరస్తా, ఎన్‌జీఆర్‌ఐ గోడ వెంబడి స్టేడియం, ఉప్పల్ రింగు రోడ్డు, అక్కణ్ణుంచి వరంగల్ రోడ్డు పట్టుకుంటే కాలేజీ. పొద్దున ఏడున్నరకు ఏ ఇబ్బందీ ఉండేది కాదు. మధ్యాహ్నం మూడింటికి తిరిగి వచ్చేటప్పుడే తంటా. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా ఆరు కిలోమీటర్ల పైచిలుకు ఫ్లైఓవర్ పని అంతకు ముందు ఏడాదే మొదలైంది. రోడ్డు మధ్యలో రేకులు, రేకుల వెనక గుంతలు, రెండు పక్కలా ఇరుకు. బండ్లు మనిషి నడిచినంత వేగంతో కదిలేవి. బండి అరవైలో పోతున్నప్పుడు ఎదురుగాలే రేడియేటర్‌ను చల్లారుస్తుంది. పదిలో పాకుతున్నప్పుడు ఆ పనంతా ఫ్యాను మీద పడుతుంది. పైగా రేడియేటర్ ముందే ఏసీ కండెన్సర్ ఉంటుంది, దాని వేడి కూడా ఇటే వస్తుంది.

ఫిబ్రవరి చివర ఒక మధ్యాహ్నం ఉప్పల్ డిపో దగ్గర ముల్లు మామూలు చోటు దాటి పైకి పోయింది. ఇంటికొచ్చి, బండి చల్లారాక మూత తీసి చూస్తే రేడియేటర్‌లో నీళ్ళు కాస్త తగ్గి ఉన్నాయి. అర లీటరు పోశాను. మర్నాడు ముల్లు బుద్ధిగా ఉంది. మూడో రోజు మళ్ళీ లేచింది, మళ్ళీ పోశాను. అట్లా అదొక అలవాటైంది. రెండు లీటర్ల కూల్‌డ్రింక్ సీసా ఒకటి డిక్కీలో పెట్టుకున్నాను. పొద్దున్నే స్నానానికి ముందు బానెట్ లేపి నీళ్ళు పోయడం దేవుడికి దీపం పెట్టినంత క్రమంగా సాగింది.

పోసింది మా బోరు నీళ్ళు. నాచారం కింద ఉన్నది 250 కోట్ల ఏళ్ళ నాటి గ్రానైటు. ఆ రాతి పగుళ్ళలోంచి వచ్చే నీళ్ళలో కాల్షియం, బైకార్బొనేట్లు ఎక్కువ. నీళ్ళు కాగితే బైకార్బొనేటు కార్బొనేటుగా మారి సుద్దలా పేరుకుంటుంది. మా గీజరు కాయిలు ఏడాదికి ఒకసారి తెల్లటి పెంకు కట్టి పాడయ్యేది. స్టీలు బిందె లోపల గీకితే పొరలు లేచేవి. ఇదంతా రోజూ కళ్ళతో చూస్తూనే, బండి వచ్చినప్పుడు అందులో ఉన్న ఆకుపచ్చ కూలెంట్‌ను కొద్దికొద్దిగా తరిమేసి దాని చోట ఈ నీళ్ళు నింపాను. కూలెంట్ అంటే రంగునీళ్ళు అని కొట్టిపారేసేవాణ్ణి. లోపల తుప్పు పట్టకుండా, పెంకు కట్టకుండా, మరుగు స్థానం పెరిగేలా అందులో మందులు కలుపుతారని తెలుసు. తెలిసినదానికీ చేసినదానికీ మధ్య నేను ఒక్క నిమిషం కూడా ఆగలేదు.

మార్చి వచ్చింది, ఎండ ముదిరింది, సీసా చాలలేదు. స్టాఫ్ రూములో ఒక సహోద్యోగి "థర్మోస్టాట్ పీకించెయ్యండి, మన ఎండలకు అది అక్కర్లేదు" అన్నారు. ఆ సాయంత్రమే రోడ్డు పక్క ఒక షెడ్డు ముందు బండి ఆపి, థర్మోస్టాట్ తీసేయమన్నాను. బండికి ఏమైందని అతను అడగబోయాడు. నేను జబ్బు చెప్పలేదు, మందు చెప్పాను. అతను చెప్పిన పని చేసి మూడు వందలు తీసుకున్నాడు. నాలుగు రోజులు ముల్లు కదల్లేదు. స్టాఫ్ రూములో ఆయనకు చాయ్ ఇప్పించాను. ఐదో రోజు మళ్ళీ లేచింది.

ఏప్రిల్‌లో ఒక ఐపీఎల్ మ్యాచ్ సాయంత్రం స్టేడియం ముందు ముప్పావు గంట ఇరుక్కుపోయాను. ఎన్‌జీఆర్‌ఐ నుంచి ఉప్పల్ దాకా మెట్రో పిల్లర్ల కింద నారింజ రంగు టీషర్టులు తప్ప ఇంకేమీ కనిపించలేదు. ముల్లు ఎర్రగీత దగ్గరికి పోయింది. నిలబడినప్పుడే వేడెక్కుతోంది కాబట్టి ఫ్యానే దోషి అని తేల్చుకున్నాను. ఫ్యాను తిరుగుతోందా లేదా అని దిగి చూసుకోలేదు. ఇంకో షెడ్డులో 2,600 పెట్టి మోటారు మార్పించాను. ఆరు రోజులు బాగుంది. అప్పుడు రేడియేటరే పూడిపోయి ఉంటుందని నమ్మాను. దాన్ని ఊడదీయించి, గొట్టాల్లోకి సన్నటి చువ్వలు దూర్చి శుభ్రం చేయించాను. రాడింగ్ అంటారు. 1,800 అయింది. ఐదు రోజులు బాగుంది.

ప్రతిసారీ కొన్నాళ్ళు బాగుండటమే నన్ను మోసం చేసింది. అసలేమీ మారకపోయి ఉంటే ఆలోచించేవాణ్ణేమో.

ఇక ఆ ఆదివారం. ఆ సాయంత్రమే ఉప్పల్ స్టేడియంలో ఐపీఎల్ ఫైనల్, ముంబైకీ చెన్నైకీ. రోడ్లు నిండిపోకముందే ఇల్లు చేరాలని నాలుగింటికే బయల్దేరాం. ముందు సీట్లో మా బావమరిది, వెనక మా ఆవిడ, పాప. బావమరిదికి అప్పుడు ఇరవై నాలుగేళ్ళు, చర్లపల్లిలో ఒక కంపెనీలో మిల్లింగ్ మెషీన్ మీద పని. పాప ఎండకు తట్టుకోలేదని ఏసీ పూర్తిగా పెట్టాను.

నారపల్లి దాటాక బండ్లు ఆగాయి. మేడిపల్లిలో ముల్లు ఎర్రగీతను తాకింది. "బావా, పక్కకు ఆపుదాం, జర చల్లారనియ్" అన్నాడు బావమరిది. చుట్టాల బండ్లు వెనకాలే వస్తున్నాయి, రోడ్డు మీద నిలబడిపోతే వాళ్ళు చూస్తారన్నది నా మనసులో మాట. పైకి మాత్రం "హీటర్ పెడితే సరి" అన్నాను. అది మంచి చిట్కానే. హీటర్ అంటే లోపల ఉన్న ఇంకో చిన్న రేడియేటర్. ఇంజన్ నీళ్ళు దాని గుండా తిరిగితే కొంత వేడి బయటికి పోతుంది. ఏసీ ఆపి, అద్దాలు దించి, మే నెల ఎండలో హీటర్ పెట్టాను. మొదట కొలిమి దగ్గర నిలబడ్డట్టు వేడిగాలి కొట్టింది. పీర్జాదిగూడ దాటాక ఆ గాలి చల్లబడింది. అదే సమయంలో ముల్లూ దిగింది.

వేడిగాలి ఆగిందంటే హీటర్‌లోకి వేడినీళ్ళు రావడం లేదు. రావడానికి నీళ్ళు లేవు. రెండు గుర్తులూ ఒకే మాట చెబుతున్నాయి. నేను వాటిని విజయంగా లెక్కపెట్టుకుని బండి నడుపుతూ పోయాను, ఇంకో రెండు కిలోమీటర్లు.

ఉప్పల్ డిపో దాటాక ఇంజన్‌లోంచి డబ్బాలో గులకరాళ్ళు ఆడించినట్టు చప్పుడు మొదలైంది. యాక్సిలరేటర్ తొక్కితే బండి ముందుకు రావడం లేదు. బానెట్ సందుల్లోంచి తెల్లటి పొగ. రింగు రోడ్డు ఇంకా కొంచెం దూరం ఉండగా ఎడమ పక్కకు లాగి ఆపాను. పసుపు టీషర్టులు, నీలం టీషర్టులు మా పక్కనుంచే నడిచి పోతున్నాయి. కొందరు ఆగి చూశారు. ఆ చూపులకు నాకు తొందర పుట్టింది. మాట్లాడుతూ నిలబడితే చేతకానివాడిలా కనిపిస్తాననిపించింది. ఏదో ఒకటి చెయ్యాలి, వెంటనే చెయ్యాలి.

బావమరిది దిగి బానెట్ లేపి పట్టుకున్నాడు. "బావా, మూత ముట్టకు. ప్రెషర్ ఉంటది. అర్ధగంట ఆగుదాం" అన్నాడు. స్పష్టంగా అన్నాడు, నేను స్పష్టంగా విన్నాను. "కొంచెమే తిప్పుతా, ఆవిరి పోతుంది" అని తడిగుడ్డ మడిచి మూత మీద వేసి నొక్కి తిప్పాను.

నాకు తగలాల్సింది తగల్లేదు. గుడ్డ నా చేతిని కాపాడింది. మూత ఎగిరి గుడ్డతో సహా కుడివైపుకు పోయింది. ఉడుకునీళ్ళు ఆ పక్కనే బానెట్ కింద సాచి ఉన్న అతని చేతి మీద, మణికట్టు నుంచి మోచేతి దాకా పడ్డాయి. అతను అరవలేదు. ఊపిరి లోపలికి పీల్చిన చప్పుడు ఒకటి వచ్చింది.

పక్కనే చాయ్ బండి నడిపే ఒక పెద్దావిడ పరుగెత్తుకొచ్చింది. ఎవరో టూత్‌పేస్టు రాయమన్నారు, ఇంకెవరో ఇంకు అన్నారు. "పేస్టు గీస్టు ఏం రుద్దకుండ్రి. సల్లనీళ్ళు పొయ్యాలె, ఆపకుండ పొయ్యాలె" అని తన డ్రమ్ము దగ్గర అతన్ని కూర్చోబెట్టి చెంబుతో పోస్తూనే ఉంది. గిన్నెలు కడగడానికి, చాయ్ కాచడానికి దాచుకున్న నీళ్ళు. ఇరవై నిమిషాలకు తక్కువ కాదు. ఆ సాయంత్రం ఆమెకు వ్యాపారం ఉండాల్సిన సమయం, వేలమంది స్టేడియం వైపు పోతున్నారు. ఆమె అటు చూడలేదు. తర్వాత ఆసుపత్రిలో డాక్టరు, మొదట చన్నీళ్ళు పోయడం వల్లే చర్మం అంతవరకు నిలిచిందన్నారు.

ఆ డాక్టరే అడిగారు, ఎలా జరిగిందని. ప్రశ్న అతన్ని అడిగారు. జవాబు నేను చెప్పాను. "రేడియేటర్ మూత దానంతటదే ఎగిరిపోయిందండీ."

బావమరిది నావైపు చూశాడు. ఒక్క క్షణం. తర్వాత గోడ మీది క్యాలెండరు వైపు చూశాడు. మా ఆవిడకు ఏమీ తెలియదు. ఆమె పాపతో వెనక సీట్లో ఉంది, లేచిన బానెట్ అడ్డం. ఆ రాత్రే ఊళ్ళో ఉన్న మా అత్తయ్యకు ఫోనులో చెప్పింది: "ఆ మూత పాడుగాను, దానంతటదే ఎగిరిందంట."

వార్డు బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాను. ముంబై ఒక్క పరుగుతో గెలిచిందని ఎవరో అంటున్నారు. నా చేతిలో మందుల చీటీ ఉంది. దాని వెనక లెక్క వేయడం మొదలుపెట్టాను, ఎందుకో తెలియదు, చేతులు ఊరుకోక. హైదరాబాదు సముద్రమట్టానికి ఐదు వందల మీటర్ల పైచిలుకు ఎత్తులో ఉంది, మన దగ్గర నీళ్ళు 98 డిగ్రీల దగ్గర మరుగుతాయి. 0.9 కిలోల మూత బిగించి ఉంటే లోపల ఒత్తిడి పెరిగి 117, 118 దాకా మరగకుండా ఆగుతాయి. లోపలి నీళ్ళు 110 దగ్గర ఉన్నాయనుకున్నాను. మూత తీశాను, ఒత్తిడి పోయింది. మరుగు స్థానం ఒక్కసారిగా 98కి పడింది. మిగిలిన పన్నెండు డిగ్రీల వేడి ఎక్కడికి పోవాలి? నీళ్ళలో కొంత భాగాన్ని ఆవిరి చేయడానికి పోవాలి. మూడు లీటర్లే మిగిలాయనుకున్నా, అందులో వందకు రెండు పాళ్ళు. అరవై డెబ్బై గ్రాముల నీళ్ళు. ఆవిరైతే వంద లీటర్లకు పైన. అంత ఆవిరి ఆ బొటనవేలంత రంధ్రంలోంచి బయటికి రావాలి, మిగతా ఉడుకునీళ్ళను తన ముందు తోసుకుంటూ. ఇది నేను ఏటా ప్రెషర్ కుక్కర్ బొమ్మ వేసి చెప్పే పాఠం. లెక్క సరిగ్గా వచ్చింది. చీటీ మడిచి జేబులో పెట్టుకున్నాను.

బండిని మర్నాడు తాళ్ళతో లాగించి నాచారం పారిశ్రామికవాడ వెనక గల్లీలో ఒక ముసలి మెకానిక్ దగ్గరికి చేర్చాను. ఆ గల్లీ నిండా లేత్‌లు, వెల్డింగు షెడ్లు, కటింగ్ ఆయిల్ వాసన. ఆయన్ని అందరూ ఉస్తాద్ అంటారు. రెండు రోజుల తర్వాత చూడటానికి పోతుంటే బావమరిది కట్టు కట్టిన చేతితో నాతో వచ్చాడు. ఇంట్లో కూర్చుంటే మంట ఎక్కువ తెలుస్తోందన్నాడు.

ఉస్తాద్ బానెట్ లేపలేదు. స్టూలు మీద కూర్చుని అడిగాడు.

"దినాం ఎన్ని నీళ్ళు పోస్తున్నవ్ సార్?"

"మొదట్లో అర లీటరు. ఈమధ్య లీటరు దాకా."

"ఎన్ని దినాల సంది?"

"రెండు నెలలు దాటింది."

"మరి అవన్నీ యాడికి పోతున్నయ్?"

నేను జవాబు చెప్పలేకపోయాను. నాలుగు లీటర్లు పట్టే ఇంజన్‌లో నలభై లీటర్లు పోశాను. మిగతా ముప్ఫై ఆరు లీటర్లు ఏమయ్యాయని రెండు నెలల్లో ఒక్కసారి నన్ను నేను అడగలేదు. ద్రవ్యం ఊరికే మాయం కాదన్నది నా పిల్లలకు ఫిజిక్స్ మొదలుకాకముందే, బళ్ళోనే చెబుతారు.

"కింద చూశాను ఉస్తాద్. తడి కనబడలేదు."

"తడి ఎట్ల కనబడతది? ఇంజన్ గరమున్నప్పుడే కారుతది. గరం మీద పడ్డ సుక్క భూమి దాకా రాదు."

లేచి వచ్చి టార్చి వేసి, వాటర్ పంపు కింద చూపించాడు. పంపు ఒంటి మీద అడుగు వైపు చిన్న రంధ్రం ఉంటుంది. లోపలి సీలు అరిగితే నీళ్ళు బేరింగులోకి పోకుండా బయటికి కారాలని, కారుతున్నట్టు మనిషికి తెలియాలని కంపెనీ కావాలనే పెట్టే రంధ్రం. దాని నుంచి ఇంజన్ బ్లాకు వెంబడి కిందికి ఒక తెల్లటి చార. సున్నం వేసినట్టు, వేలెడు వెడల్పు, అంచుల దగ్గర పొరలు పొరలుగా. నా బోరు నీళ్ళు ఆరిపోతూ వదిలి వెళ్ళిన సుద్ద. నేను రోజూ పొద్దున నిలబడి నీళ్ళు పోసిన చోటికి జానెడు కింద ఉంది. వంగితే కనిపించేది.

నేను థర్మోస్టాట్ సంగతి, ఫ్యాను సంగతి, రాడింగ్ సంగతి చెప్పాను. ప్రతిదాని తర్వాతా కొన్ని రోజులు బాగుందని కూడా చెప్పాను. ఉస్తాద్ కొంచెంసేపు నన్ను చూశాడు. "థర్మోస్టాట్ తీసినప్పుడు నీళ్ళు వదిలి మళ్ళ నింపిన్రా? రేడియేటర్ తీసినప్పుడు నింపిన్రా? ఫ్యాను మార్చినప్పుడు ఆ పిల్లగాడు పైనుంచి ఫుల్ చేసిండా?"

చేశాడు. ముగ్గురూ చేశారు. బండి బాగుపడింది ఆ రిపేర్ల వల్ల కాదు, రిపేరు చివర నిండా పోసిన నీళ్ళ వల్ల. అవి కారిపోవడానికి నాలుగు నుంచి ఆరు రోజులు పట్టేది, అంతే. ప్రయోగంలో ఒకదాన్ని మార్చేటప్పుడు మిగతావి మారకుండా చూసుకోవాలని ల్యాబు మొదటి రోజు చెప్పే మాట. నేను మూడుసార్లు ప్రయోగం చేశాను, మూడుసార్లూ నీళ్ళు కూడా మారాయి, ఆ సంగతి గమనించలేదు. అక్కడ గ్రీజు అంటిన స్టూలు పక్కన నిలబడి ఉన్నప్పుడు, జీతం తీసుకుని ఇన్నేళ్ళు నేను పిల్లలకు ఏం చెప్పానా అని నిజంగా భయమేసింది.

"థర్మోస్టాట్ అంటే దర్వాజ సార్" అన్నాడు ఉస్తాద్. "ఎండకు ఇల్లు కాగుతున్నదని దర్వాజ పీకేసుకుంటమా?"

ఆయిల్ పుల్ల తీసి గుడ్డకు తుడిచాడు. పాల చాయ్ రంగు. ఆయిల్‌లో నీళ్ళు కలిశాయి. హెడ్ గ్యాస్కెట్ పోయింది. హెడ్ విప్పాక దాని మీద ఉక్కు పట్టీ ఆనించి, కింద ఫీలర్ గేజ్ రేకు దూర్చి చూపించాడు. 0.18 మిల్లీమీటర్లు వంగింది. 0.05 దాటితేనే పనికిరాదు. అల్యూమినియం హెడ్, ఇనప బ్లాకు. వేడికి అల్యూమినియం ఇనుముకు దాదాపు రెట్టింపు సాగుతుంది, బోల్టులు సాగనివ్వవు, అప్పుడది వంగుతుంది. పక్క షెడ్డులో హెడ్ ఫేసింగ్ చేయించి, కొత్త గ్యాస్కెట్, కొత్త పంపు, కొత్త థర్మోస్టాట్, కూలెంట్ వేసి మొత్తం 23,000 అయింది. ఫిబ్రవరిలోనే వంగి చూసి ఉంటే పంపుకూ కూలికీ కలిపి రెండు వేలు దాటేది కాదు. డబ్బు గురించి నాకు పెద్దగా బాధ లేదు. బావమరిదికి మూడు వారాలు పని పోయింది, కాంట్రాక్టు ఉద్యోగం, పని లేని రోజుకు జీతం లేదు.

అన్నీ అయ్యాక ఉస్తాద్ రేడియేటర్ మూతను చేతిపంపు లాంటి టెస్టర్‌కు బిగించి కొట్టాడు. గేజు 0.9 దగ్గర నిలబడింది, నిలబడే ఉంది.

"మూత మంచిగున్నది. స్ప్రింగు మంచిగున్నది, రబ్బరు మంచిగున్నది" అన్నాడు. "ఇది దానంతటది లేసే మూత గాదు. లేస్తే ఈ రెండు కొమ్ములు వంగుతయ్, రేడియేటర్ మూతి చీరుకపోతది."

దాన్ని నా అరచేతిలో పెట్టాడు. ఆయన నిందగా అనలేదు, ఒక వస్తువు గురించి తెలిసింది చెప్పాడు. నాకు తల ఎత్తబుద్ధి కాలేదు. బావమరిది నా పక్కనే ఉన్నాడు. "బావా, చాయ్ తాగుదామా" అని గల్లీ చివరికి నడిచాడు, నన్ను అక్కణ్ణుంచి తీసుకుపోవడానికి. చాయ్ ఎడమచేత్తో పట్టుకుని తాగాడు. ఇద్దరం వాన గురించి మాట్లాడుకున్నాం.

ఆ రాత్రి అందరూ పడుకున్నాక, మార్చిలో తీయించిన పాత థర్మోస్టాట్‌ను డ్యాష్‌బోర్డు అరలోంచి తెచ్చి దారం కట్టి గిన్నెలో వేలాడదీశాను. కాలేజీ థర్మామీటరు పెట్టి, ఈసారి బల్బు నీళ్ళలో మునిగేలా చూసుకుని, పొయ్యి వెలిగించాను. దాని మీద 82 అని అచ్చు కొట్టి ఉంది. 82 దాటీ దాటగానే చిన్న సందు విచ్చుకుంది. లోపల ఉండే మైనం కరిగి వ్యాకోచిస్తూ కాడను తోస్తుంది. 95కి పూర్తిగా తెరుచుకుంది. పొయ్యి ఆపితే తిరిగి మూసుకుంది. మళ్ళీ వేడి చేశాను, మళ్ళీ అట్లాగే. దాంట్లో ఏ లోపమూ లేదు, ఎప్పుడూ లేదు. ఫ్యాను పాత మోటారు కూడా తెచ్చి పెట్టుకున్నాను, బ్యాటరీకి కలిపితే ఈరోజుకీ తిరుగుతుంది. థర్మోస్టాట్ అన్నాను, ఫ్యాను అన్నాను, రేడియేటర్ అన్నాను, చివరికి మూత అన్నాను.

మా ఆవిడ ఆ వేసవంతా మూత గురించి చెబుతూనే ఉంది. పక్కింటివాళ్ళను వాళ్ళ బండి మూత చూపించుకోమని హెచ్చరించింది. ఆమె చెప్పిన ప్రతిసారీ నేను అక్కడే ఉన్నాను.

ఆ ఏడు రాఖీ ఆగస్టు 15న వచ్చింది. కాలేజీలో జెండా ఎగరేసి ఇంటికొచ్చేసరికి బావమరిది వచ్చి కూర్చుని ఉన్నాడు. కట్టు ఎప్పుడో తీసేశారు. మణికట్టు నుంచి మోచేతి వైపు చర్మం పాలిపోయి, మెరుస్తూ, అంచుల దగ్గర కాస్త ముడతపడి ఉంది. మా ఆవిడ బొట్టు పెట్టి, హారతి ఇచ్చి, రాఖీ తీసి కుడి మణికట్టు మీద పెట్టబోయి ఆగింది. దారం ఆ చారకు ఒరుసుకోకుండా కొంచెం కిందికి జరిపింది. "ఇంకా దురద పెడుతుందారా?" అని అడిగింది. "ఆ మూత పాడుగాను."

"మూత ఎగరలేదు" అన్నాను. "ఉడుకుతుండగా నేనే తీశాను. వాడు ముట్టకు అన్నాడు. అయినా తీశాను."

ఆమె చేతిలో దారం రెండు కొసలూ అట్లాగే ఉండిపోయాయి. నావైపు కాదు, తమ్ముడి వైపు చూసింది. వాడు తల దించుకుని, "అక్కా, ముడి ఎయ్యి" అన్నాడు.

ముడి వేసింది. దాని మీద రెండోది వేసింది, మూడోది కూడా వేసింది. ఆ రోజంతా నాతో మాట్లాడలేదు.